కొండ మంచులో మా నాయన గంట

దయ్యాలనే మాట ఎత్తితే నవ్వే మనిషిని నేను. ఇది ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇది చదివి, ముసలామెకు మతి చలించిందనుకునేవాళ్లు తప్పకుండా ఉంటారు. నేను గొర్లకాపరి కూతుర్ని. మంద ఏ చేనులో ఆగితే అక్కడే మా పడక. వల్లకాటి పక్కన పడుకున్నాను, పాడుబడిన గుడి గోడ వారన పడుకున్నాను. తేలు కుట్టింది, నక్క అరిచింది, దయ్యం మాత్రం ఒక్కసారీ పలకరించలేదు.

మా నాయనకూ ఆ నమ్మకం లేదు. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే, "అది గొర్రెను ఎత్తకపోతాదా? పోదు కదప్పా. అట్లయితే నాకు తోడేలుతోనే పని," అనేవాడు. అంతటితో కథ చెప్పేవాడి ఉత్సాహం చల్లారిపోయేది.

మాది పావగడ తాలూకా, బలసముద్రం. అప్పుడు మైసూరు మహారాజుల ఏలుబడి. చుట్టూ చాలామటుకు మద్రాసు సర్కారు నేల, మధ్యలో మేము. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. తెలుగు రాయడం పెళ్లయ్యాక మా ఆయన దగ్గర నేర్చుకున్నాను కాబట్టి తప్పులుంటే ఆయన ఖాతాలో వేసుకోండి.

నాకు జరిగింది చెప్పే ముందు రెండు సంగతులు చెప్పాలి. మొదటిది మా నాయన గంట.

అది కంచు గంట. మంద ముందు నడిచే పొట్టేలు మెడలో ఉండేది. అంచు ఎప్పుడో ఒకచోట పగిలింది. అందుకని ఖంగుమని మోగదు. జలుబు చేసిన మనిషి దగ్గినట్టు ఒక బొంగురు చప్పుడు చేస్తుంది. ఊళ్లో ఎన్ని మందల గంటలు ఒక్కసారి మోగినా అందులో మాది ఏదో నేను కళ్లు మూసుకుని చెప్పేదాన్ని.

గొర్రె తప్పిపోతే మిగతా కాపర్లు కేకలు వేసుకుంటూ గుట్టలన్నీ తిరుగుతారు. మా నాయన తిరగడు. పొట్టేలు మెడలోంచి గంట విప్పుకుని, దగ్గర్లో ఎత్తుగా ఉన్న బండ ఎక్కి కూర్చుని ఆడిస్తాడు. మూడుసార్లు ఆడించి ఆపుతాడు. కాసేపు చెవి పెట్టి వింటాడు. మళ్లీ మూడు. తప్పిపోయింది బెదిరి ఉంటుంది, వెంటపడితే ఇంకా దూరం పోతుంది, మనం ఒకచోట కుదురుగా కూర్చుని మనమున్న చోటు దానికి తెలియజెయ్యాలని ఆయన పద్ధతి. తక్కిన కాపర్లు ఎగతాళి చేసేవాళ్లు. గొర్రె మాత్రం వచ్చేది.

రెండో సంగతి పావగడ కొండ. మా తాలూకాలో దారి తప్పడం కష్టం. నేల బోసిగా ఉంటుంది, ఆ కోట కొండ ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. పోయేటప్పుడు కొండ ఏ చేతి వైపు ఉందో చూసుకోవాలి, వచ్చేటప్పుడు దాన్ని రెండో చేతి వైపు పెట్టుకుని నడవాలి. మా పిల్లలందరికీ నడక వచ్చినప్పుడే ఈ లెక్క కూడా వస్తుంది. దిక్కులు, నక్షత్రాలు మాకు అక్కర్లేదు.

నన్ను పక్కనున్న తిరుమణి ఊరికి ఇచ్చారు. మా ఆయన చదువుకున్నాడు. మైసూరు దిక్కున ఒక సర్కారు పట్టు తోటలో ఉద్యోగం. అక్కడ పురుగులు పెంచేది మగవాళ్లే. ఆ ఏడు పురుగులు పంటకు పంట చచ్చిపోతుంటే, పారెయ్యమన్న పురుగులు కొన్ని నేను తెచ్చి ఇంట్లో చేటలో పెంచాను. చంటి గొర్రెపిల్లను చూసుకున్నట్టే చూసుకున్నాను, చలి తగలకుండా, తడి ఆకు పెట్టకుండా. అవి గూళ్లు కట్టాయి.

తోటకు సలహాలు చెప్పడానికి జపాను నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఆ చేట చూసి తెగ సంబరపడ్డాడు. వాళ్ల దేశంలో పురుగులు పెంచేది ఆడవాళ్లేనట. పని నేర్చుకోవడానికి మా ఆయనను జపాను పంపాలని అప్పటికే అనుకుంటున్నారు. ఆ పెద్దమనిషి పట్టుబట్టి నా పేరు కూడా చేర్పించాడు. అలా మా ఆయనను సర్కారు పంపితే, నన్ను చేటెడు పురుగులు పంపాయి. ఈ మాట అంటే మా ఆయనకు ఇప్పటికీ కోపం.

చెప్పిపోదామని బలసముద్రం వెళ్లాం. తిరుగు బండి ఎక్కేటప్పుడు మా అమ్మ ఏడ్చింది, ఏడుస్తూనే రాగిపిండి మూట ఒళ్లో పెట్టింది. మా నాయన ఏడవలేదు. బండి పక్కన కొంత దూరం నడిచి, "పాపా, యాడన్నా దారి తప్పితే నిలబడు. పరిగెత్తొద్దు. పరిగెత్తే గొర్రెనే తోడేలు పట్టేది," అని ఆగిపోయాడు. అంతే ఆయన దీవెన.

ఓడ ప్రయాణం గురించి రాయను. వాంతులు తప్ప నాకేమీ గుర్తులేదు.

మేము చేరింది షిన్షూ అనే కొండల సీమలో ఒక చిన్న పల్లె. ఎటు చూసినా కొండలు, ఒకదాని భుజం మీంచి ఒకటి తొంగిచూస్తున్నట్టు. మెట్లు మెట్లుగా మడులు, మడులపైన మల్బరీ తోటలు, ఆపైన అడవి. ఎండ కాస్తోంది, ఒళ్లు మాత్రం చల్లగా ఉంది. దూరంగా ఉన్న పెద్ద కొండల తలలు తెల్లగా మెరుస్తుంటే, "ఇంత పైకెక్కి సున్నం కొట్టినారా, ఏం దేవుడుంటాడు ఆడ?" అని మా ఆయనను అడిగాను. అది మంచుగడ్డ అని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. చెప్పాక కూడా నమ్మడానికి రెండు రోజులు పట్టింది.

మేమున్న ఇంట్లో మొగుడూ పెళ్లాం, వాళ్లకొక ముసలి తల్లి. ముసలామెను నేను అవ్వా అని పిలిచేదాన్ని. ఆమెకు బ్రహ్మచెవుడు. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప వినపడదు. నాకు వాళ్ల భాష రాదు, ఆమెకు అరిచినా సగమే వినపడుతుంది. అందుకే మా ఇద్దరికీ మొదటి రోజే బాగా కుదిరింది. అంతా చేతులతోనే మాట్లాడుకునేవాళ్లం.

ఆ ఇంట్లో నేను చేసిన మొదటి ఘనకార్యం నీళ్లు ఆపడం. పెరట్లో వెదురు గొట్టం గుండా కొండ నీళ్లు రాతి తొట్టిలోకి పగలూ రాత్రీ పడుతూనే ఉంటాయి. తొట్టి నిండి పొర్లిపోతున్నా ఎవరూ పట్టించుకోరు. నా ప్రాణం గిలగిల్లాడింది. మా ఊళ్లో బిందెడు నీళ్లకు ఎంత దూరం నడిచానో నాకు తెలుసు. ఎవరూ చూడకుండా గొట్టంలో గుడ్డ కుక్కి, మంచి పని చేశానని వెళ్లి పడుకున్నాను. తెల్లవారేసరికి కింది ఇళ్లవాళ్లంతా ఖాళీ బిందెలతో వాకిట్లో నిలబడ్డారు. ఆ నీళ్లు పొర్లి వాళ్ల తొట్లలోకే పోతాయట. గుడ్డ ఎవరిదో తేలాక అవ్వ నేల మీద కూర్చుని మరీ నవ్వింది.

మా ఆయన కూడా తక్కువ తినలేదు. ఒక మధ్యాహ్నం భోజనమయ్యాక కునుకు తీస్తూ ఉలిక్కిపడి లేచాడు. "మ్మే, వాన వచ్చె, బట్టలు తియ్యి," అంటూ వాకిట్లోకి పరుగెత్తాడు. బయట ఎండ కాస్తోంది. ఆ చప్పుడు అటక మీద పట్టుపురుగులు ఆకు మేస్తున్న చప్పుడు. ఇల్లంతా పురుగులే, వేలకు వేలు. ఆయన ఆకాశం కేసి చేతులు చాచి అలాగే నిలబడిపోయాడు. వానంటే మాకంత ఆశ.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వు, సంతోషం కలిసి వస్తాయి. పొద్దున్నే ఆకు కోత. కోస్తూ ఆడవాళ్లంతా పాటలు పాడేవాళ్లు, నన్నూ పాడమనేవాళ్లు. నేను మా ఊరి విసుర్రాయి పాటలు పాడితే పల్లవి పట్టుకుని నాతో పాటు అనేవాళ్లు. అర్థం అడిగినవాళ్లు లేరు. ఒకరోజు రాగి సంగటి కెలికి ముద్ద చేసి పెడితే అవ్వ ఊరగాయ ముక్కతో తిని ఇంకో ముద్ద అడిగింది. మా అమ్మ ఇచ్చిన పిండి అలా నెలలోనే అయిపోయింది.

అప్పటికి నాకు నాలుగో నెల. ఓడలో వాంతులకు సగం కారణం సముద్రం కాదని అక్కడికి వెళ్లాక తెలిసింది. ఊరికి రాయలేదు. ఇంతదూరంలో ఉన్నప్పుడు చెబితే మా అమ్మకు నిద్ర పట్టదు. మా ఆయనకు తెలుసు. చెప్పకుండానే అవ్వ కనిపెట్టేసింది.

ఇక అసలు సంగతి.

పట్టుపురుగు నాలుగుసార్లు మేత మాని, కదలకుండా పడుకుని కుబుసం విడుస్తుంది. మావైపు దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక దాని ఆకలికి అంతుండదు. ఆ పంటకు అలాంటి రోజుల్లో ఇంటి దగ్గరి ఆకు సరిపోక, పల్లె ఆడవాళ్లతో కలిసి పైకొండ తోటకు వెళ్లాం. ఆ రోజు మాకు ఏరువాక పున్నమి. మా ఊళ్లో ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పరుగు తీయించే పండగ. పురుగులున్న ఇంట్లో పండగేమిటని మా ఆయన అంటే, ఓళిగలు, అంటే బొబ్బట్లు, లేకుండా ఏరువాక ఏమిటని నేను అన్నాను. వాళ్ల ఎర్ర చిక్కుడు గింజల్లాంటి చిన్న గింజలు ఉడికించి బెల్లం వేసి రుబ్బితే అచ్చం మన పూర్ణమే. రాత్రే గింజలు నానబెట్టి ఉంచాను.

అందుకే నా బుట్ట నిండగానే, వంట పని ఉందని సైగ చేసి ఒక్కదాన్నే ముందు బయల్దేరాను. దారి తెలుసనే ధైర్యం. పైకి వచ్చేటప్పుడు ఒక పెద్ద కొండ కుడిచేతి వైపు ఉంది. చూసి పెట్టుకున్నాను. దిగేటప్పుడు దాన్ని ఎడమచేతి వైపు పెట్టుకుంటే చాలు.

అది పావగడ అయితే చాలేది. కొంత దూరం దిగాక ఎడమ వైపు చూస్తే కొండ ఉంది. దారి ఒక మలుపు తిరిగింది, ఎడమ వైపు ఇంకో కొండ ఉంది. అదీ అలాగే ఉంది. ధైర్యంగా నడిచాను. ఒక్క కొండ ఉన్న ఊరి పిల్ల నూరు కొండల మధ్య ఆ లెక్కతో ఎక్కడికి చేరుతుందో మీరే ఊహించుకోండి. కాలిబాట సన్నబడి సన్నబడి అడవిలో కలిసిపోయింది.

అప్పుడే మంచు వచ్చింది. లోయలోంచి తెల్లగా లేచింది. మొదట పొగ అనుకున్నాను. మా దగ్గర అంత తెల్లగా లేచేది పొగ ఒక్కటే. కింద ఇల్లు అంటుకుందేమో, అటక మీద పురుగులు, కింద చెవిటి అవ్వ అని గుండె ఝల్లుమంది. పరుగెత్తాను. మా నాయన చెప్పిన మాట ఆ క్షణం నా తలలో లేదు.

క్షణాల్లో చుట్టూ తెల్లదనం తప్ప ఏమీ లేదు. వాసన చూస్తే పొగ కాదు, చల్లటి తడి. నా చెయ్యి నాకు కనిపించడం లేదు. కాలికింద రాయి జారింది. చెట్టు కొమ్మ ఏదో చేతికి దొరికి పట్టుకున్నాను. నెత్తిమీది బుట్ట పడిపోయింది. అది కిందకు దొర్లుతున్న చప్పుడు వినిపించింది, ఆగింది, మళ్లీ చాలాసేపటికి ఎక్కడో అడుగున నీళ్లలో పడిన చప్పుడు. నా ముందర నేల లేదు.

భయపడ్డాను. దాచుకోవలసిందేమీ లేదు. నా కోసం కంటే కడుపులో బిడ్డ కోసం ఎక్కువ భయపడ్డాను. నావాళ్లెవరూ లేని దేశంలో, పేరు కూడా పెట్టని బిడ్డతో పోతానా అనుకున్నాను. కేక వేశాను. మంచు ఆ కేకను మింగేసింది. కొమ్మను పట్టుకుని కూలబడ్డాను.

అప్పుడు వినిపించింది. నా వెనక, కుడి పక్క, కాస్త ఎత్తు నుంచి. మూడుసార్లు. బొంగురుగా, జలుబు చేసిన మనిషి దగ్గినట్టు. ఆగింది. మళ్లీ మూడు.

మీరు నమ్మండి, నమ్మకపోండి, నాకు మొదట వచ్చింది ఆశ్చర్యం కాదు. మంద దగ్గరే ఉందన్నమాట అనుకున్నాను. చిన్నప్పటి నుంచి ఆ చప్పుడు వింటే కాళ్లు వాటంతటవే అటు నడుస్తాయి. భయం ఎటు పోయిందో పోయింది. నాలుగు కాళ్ల మీద పాకుతూ నేల తడుముకుంటూ వెనక్కి మళ్లాను. మూడు మోగగానే కదిలేదాన్ని, ఆగగానే ఆగేదాన్ని. గంట నా కంటే ఎప్పుడూ కొంచెం ముందే ఉండేది. ఒకచోట ఎడమకు తిరిగింది, తిరిగాను. దారిలో మనిషి అలికిడి లేదు, గొర్రె అలికిడి లేదు. తడి ఆకుల వాసన తప్ప ఏ వాసనా లేదు.

చేతికి తడి రాయి తగిలింది. తడిమి చూస్తే తొట్టి. పక్కనే వెదురు గొట్టంలోంచి నీళ్లు పడుతున్నాయి. నేను గుడ్డ కుక్కిన గొట్టమే. గంట ఆగిపోయింది, ఇక మోగలేదు.

అక్కడ మంచు కాస్త పలచగా ఉంది, అరుగు మీద అవ్వ నిలబడి కనిపించింది. ఎప్పటి నుంచి నిలబడిందో జుట్టంతా మంచుతో తడిసి ముత్యాలు పట్టింది. కొండ వైపే చూస్తోంది. నన్ను చూసి పరుగున వచ్చి నా మొహం రెండు చేతుల్లో పట్టుకుంది, కడుపు తడిమింది. తరువాత అరుగు స్తంభం మీద వేలి కణుపులతో మూడుసార్లు కొట్టింది. ఆగింది. మళ్లీ మూడుసార్లు కొట్టింది. కొండ వైపు చూపించి, తన చెవి చూపించి, ఏమిటది అన్నట్టు నా కేసి చూసింది.

నేను ఆమెకు ఏమీ చెప్పలేదు. ఇంకా నోరు విప్పలేదు. నాకు ఒళ్లు జలదరించింది అప్పుడు, మంచులో కాదు.

మా ఆయన, ఆమె కొడుకు, కోడలు అటక మీద పురుగులకు ఆకు వేస్తున్నారు. ముగ్గురికీ మంచి చెవులు. వాళ్లకు ఏ గంటా వినిపించలేదు.

మా ఆయన లెక్కల మనిషి. "గంట యాడిదో తేల్చాల," అన్నాడు. మర్నాడు పల్లెలో ఉన్న గంటలన్నీ చూసొచ్చాడు. గుడిలో ఒక పెద్ద గంట, దాన్ని దూలంతో కొడితే కొండలు మారుమోగుతాయి. ఒక ఇంట్లో గుర్రానికి కట్టే మువ్వలు. ఇంకొకరి కిటికీకి గాలికి మోగే చిన్న గాజు గంట. ఆయన అడిగిన ప్రతి ఇంటివాళ్లూ గంట చూపించి, టీ పోసి, వాయించి వినిపించి పంపారు. టీ తాగి తాగి పొట్ట ఉబ్బి వచ్చాడు. గొర్రె మెడ గంట ఏ ఇంట్లోనూ లేదు. అసలు ఆ పల్లెలో గొర్రే లేదు.

చివరికి, కడుపుతో ఉన్నవాళ్లకు చెవులు హోరెత్తుతాయని తీర్మానించాడు. "అట్లయితే అవ్వకు ఎన్నో నెల?" అని అడిగాను.

ఓళిగలు మాత్రం పండగనాటి సాయంత్రమే చేశాను. పైకొండ నుంచి ఆడవాళ్లంతా దిగి, నేను క్షేమంగా ఉన్నానని తెలిసి, అరుగు నిండా కూర్చున్నారు. నెయ్యి లేదు. అయినా ఒక్కటీ మిగల్లేదు. పున్నమి చంద్రుడు మంచులోంచి బయటికి వచ్చాడు, అవ్వ పాట పాడింది, మా ఆయన తప్పుడు తాళం వేశాడు. అంత సంతోషమైన పండగ నేను మళ్లీ చూడలేదు. బతికి ఉండడమే పండగ కదా ఆ రోజు.

ఈ సంగతి కూడా ఇంటికి రాయలేదు. మా ఆయనా రాయలేదు. ఇది గుర్తుంచుకోండి.

పంట చేతికొచ్చి, పని నేర్చుకుని నా ఏడో నెలలో ఇద్దరం బలసముద్రం చేరాం, కాన్పుకు. పొట్టతో బండి దిగిన నన్ను చూసి మా అమ్మ ఒక చేత్తో దిష్టి తీస్తూ, ఇంకో చేత్తో చెప్పలేదని నా వీపు మీద ఒకటి వేసింది. మా నాయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, తలాడించి, మంద దగ్గరికి పోయాడు. ఆయన ఆనందం ఎప్పుడూ అంతే.

రాత్రి భోజనాల దగ్గర మా అమ్మ ఊరి ముచ్చట్లు మొదలుపెట్టింది. ఎవరికి పెళ్లయింది, ఎవరి ఎద్దు చచ్చింది. మాటల్లో మాటగా, "మీ నాయన ఈసారి ఏరువాక నాడు ఊరంతటి చేత నవ్విపిచ్చుకున్నాడు," అంది.

"ఏం జేసినాడు?"

"పొద్దున్నే, ఇంగా మంద తోలక ముందే. అందురూ ఎద్దులు కడగను పోతా ఉంటే, ఈయప్ప గంట తీసుకొని బండ మీదికెక్కి కూసున్నాడు. గొర్రె తప్పిపోయెనేమో అని నేను లెక్క పెట్టిస్తి. అన్నీ ఉండాయి. ఏది తక్కువప్పా అని అడిగితే, ఏదో ఒకటి తక్కువుండాది, నువ్వు పో అన్నాడు. పండగ పూట సచ్చినా దిగలా."

"ఎంతసేపు?"

"పొద్దు బాగా ఎక్కినాక ఉన్నట్టుండి నవ్వుకుంటా దిగొచ్చె. లెక్క సరిపోయింది, ఓళిగలు పెట్టు అన్నాడు. మూడు తిన్నాడు."

మా ఆయన నా వైపు చూశాడు. జపానులో పొద్దు మనకంటే చాలా ముందే పొడుస్తుంది. అక్కడ మాకు ఎండ ఎక్కాక మంచు కమ్మిన వేళకు ఇక్కడ తెల్లవారుతూ ఉంటుంది. ఆ లెక్క నాకు నేర్పిందే ఆయన. ఇప్పుడు ఆయనే వేళ్లు మడిచి ఆ లెక్క వేస్తున్నాడు.

"ఊరోళ్లు నవ్వేదెందుకు?" అని అడిగాను. "ఆయన బండెక్కేది కొత్తేమి కాదు కదా."

"నవ్వక ఏం జేస్తారు?" అంది మా అమ్మ. లేచి వెళ్లి గోడ కొక్కేనికి ఉన్న గంట తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అంచు పగిలిన మా పాత గంట. తిప్పి చూశాను. లోపల నాలుక లేదు. బోడి కంచు.

నేను ఓడెక్కిన కొద్ది రోజులకే నాలుక ఊడి ఎక్కడో పడిపోయిందట. పొట్టేలుకు కొత్త గంట కట్టి దీన్ని కొక్కేనికి తగిలించారు. ఏరువాక నాడు పొట్టేలు మెడలో కొత్త గంట ఉండగా, మా నాయన ఈ మూగ గంట తీసుకుపోయి, బండ మీద కూర్చుని, పొద్దెక్కేదాకా ఆడించాడు. ఊళ్లో ఎవరికీ ఏ చప్పుడూ వినిపించలేదు. చప్పుడు లేని గంటను అంత శ్రద్ధగా ఆడిస్తున్న మనిషిని చూసి నవ్వారు.

మర్నాడు మంద దగ్గరికి వెళ్లి ఆయనను అడిగాను. మంచు సంగతి అంతా చెప్పాను. గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని దాని కాల్లో ముల్లు తీస్తూ విన్నాడు.

"నాలుక లేదని నీకు తెలీదా నాయనా?"

"బండెక్కినాక చూసుకున్నా."

"మరి దిగి కొత్తది తెచ్చుకోకూడదా?"

"ఎక్కినాక మళ్లా దిగేదెందుకని ఆడిస్తి." ముల్లు వచ్చింది. పిల్లను వదిలి నా వైపు చూశాడు. ఆయన కళ్లలో నీళ్లు నేను చూడడం అదే మొదలు, అదే ఆఖరు. "పరిగెత్తొద్దని చెప్తి కదా పాపా," అన్నాడు.

ఆ తరువాత ఆయన ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ గంట మాత్రం అడిగి తెచ్చుకున్నాను. నాకు కూతురు పుట్టింది. మా ఆయన ఎన్నో కారణాలు చెప్పి చూశాడు, మంచులో చప్పుళ్లు దూరం నుంచి వస్తాయని, పిట్ట కొయ్య కొట్టి ఉంటుందని. ఏ కారణమూ అవ్వ స్తంభం మీద కొట్టిన ఆ మూడు దెబ్బల దాకా రాలేదు. చివరికి ఆయనే మానుకున్నాడు. మా నాయన పోయి చాలా కాలమైంది. నేను ఇప్పటికీ దయ్యాలను నమ్మను. ఆ రోజు మా నాయన నిక్షేపంలా బతికే ఉన్నాడు, ఇందులో దయ్యానికి చోటెక్కడిది? మరి అదేమిటి అంటే నాకు తెలియదు.

ఒక్కటి చెప్పి ముగిస్తాను. మొన్న కూతురు పిల్లలతో వచ్చింది. దానికి ఈ కథ చెప్పి భయపెట్టడం ఇష్టం లేక ఎన్నడూ చెప్పలేదు. మధ్యాహ్నం ఇల్లు దులుపుతూ, కొక్కెం మీది గంట తీసి బూజు దులిపి రెండు మూడుసార్లు ఊపాను. నాలుక నేను వేయించలేదు, ఇప్పటికీ లేదు. నాకు ఏమీ వినిపించలేదు.

లోపలి గదిలోంచి నా కూతురు అంది, "అమ్మా, ఆ గంట ఆపు. పాప ఇప్పుడే పండుకునింది."